స్కూల్ ల్యాప్‌టాప్: డబ్బులు మనవి, అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్లది. ఏం చేయొచ్చు?

నక్కలగుట్ట నాన్న:
మా పాప హన్మకొండలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో పదకొండో తరగతి. ఈ ఏడాది నుంచి ప్రతి పిల్లా ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలన్నారు, అది కూడా వాళ్లు చెప్పిన మోడలే, వాళ్లు చెప్పిన చోటే కొనాలి. సరే, కొన్నాం. బిల్లు నా పేరు మీదే ఉంది. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే స్కూల్ లోగో, స్కూల్ ఈమెయిల్‌తోనే లాగిన్.

ఇంట్లో ప్రింటర్ కలుపుదామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పైథాన్ వేసుకుందామంటే మీ సంస్థ ఒప్పుకోదు అంటుంది, పైథాన్ ఏమో వాళ్ల సిలబస్‌లోనే ఉంది! యూట్యూబ్‌లో ఫిజిక్స్ పాఠం రాదు, ఏదో కార్ల గేమ్ సైట్ మాత్రం హాయిగా వస్తుంది, ఇదెక్కడి లెక్కో నాకైతే అర్థం కాలేదు. సెకండ్ లాంగ్వేజ్ తెలుగు, ప్రాజెక్ట్ టైప్ చేయాలంటే తెలుగు కీబోర్డ్ లేదు.

స్కూల్‌కి ఫోన్ చేస్తే "పాలసీ సర్" అని ఒకటే మాట. ఇల్లు నేను కొంటే తాళంచెవి బ్రోకర్ జేబులో ఉన్నట్టుంది వ్యవహారం. చౌరస్తా దగ్గర షాపతను "ఇచ్చి పోండి సార్, ఫార్మాట్ కొట్టి సాయంత్రానికి ఇస్తా" అంటున్నాడు. ఇవ్వాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి.

వేయిస్తంభాల వీధి:
కొట్టించెయ్ అన్నా. నీ పైసలు, నీ మిషన్. ఇందులో అడిగేదేముంది?

కాజీపేట సిస్టమ్స్:
ఆగండి, తొందరపడి షాపులో ఇవ్వకండి. నేను ఒక కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటా, ఈ తాళాలు వేసే పని నాదే.

ముందు అది ఏ రకం తాళమో చూడండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో "యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్" అని ఉంటుంది. స్కూల్ ఖాతా మీద నొక్కి "ఇన్ఫో"లోకి వెళ్తే ఎవరు మేనేజ్ చేస్తున్నారో, ఏయే విషయాల్లో పాలసీలు పెట్టారో కనిపిస్తుంది. బ్రౌజర్‌కి పెట్టినవి వేరే. ఎడ్జ్‌లో అడ్రస్ కొట్టే చోట ఎడ్జ్ అని రాసి, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొడితే ఆ చిట్టా మొత్తం పేర్లతో సహా వస్తుంది. చూడటం తప్పేమీ కాదు. ఆ రెండు పేజీలూ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, స్కూల్‌తో మాట్లాడేటప్పుడు "పాలసీ సర్" అంటే ఏ పాలసీ అని అడగొచ్చు.

ఆన్ చేయగానే స్కూల్ లోగో వచ్చిందంటున్నారు కాబట్టి అది ఇన్‌ట్యూన్, దాని వెనక ఆటోపైలట్ అయ్యుంటుంది. రెండూ మైక్రోసాఫ్ట్‌వే, సంస్థలు తమ ల్యాప్‌టాప్‌లని దూరం నుంచే అదుపు చేయడానికి వాడేవి. ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడే దాని హార్డ్‌వేర్ గుర్తును స్కూల్ పేరు మీద మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదు చేసేస్తారు. ఆ తర్వాత మీరు ఫార్మాట్ కొట్టినా, డిస్క్ మార్చి కొత్తది వేసినా, విండోస్ సెటప్‌లో నెట్ కలపగానే అదే స్కూల్ లాగిన్ పేజీ వచ్చి కూర్చుంటుంది. అంటే తాళం మీ ల్యాప్‌టాప్‌లో లేదు, స్కూల్ వాళ్ల ఖాతాలో ఉంది. వాళ్ల అడ్మిన్ ఆ నమోదు తీసేస్తే తప్ప పోదు. తీయడం పెద్ద పనేమీ కాదు, కూర్చుంటే నిమిషాల్లో అయిపోతుంది. క్రోమ్‌బుక్ అయినా ఇదే వరస, పవర్‌వాష్ అనే రీసెట్ కొట్టినా మళ్లీ స్కూల్ డొమైన్‌లోకే వెళ్తుంది.

ఇంకోటి, బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నది బయటివాళ్లు చదవకుండా వేసే తాళం. షాపతను బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే మూల సెట్టింగ్స్‌లో, వేలు పెట్టాడంటే స్క్రీన్ మీద నీలం రంగు పేజీ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ కూడా స్కూల్ ఖాతాలోనే ఉంటుంది. అప్పుడు పాప నోట్సు గతేంటి?

జేపీఎన్ రోడ్ సర్వీస్:
సిస్టమ్స్ సార్ చెప్పింది కరెక్టే. నాది రిపేర్ షాపు, ఇలాంటి స్కూల్ ల్యాప్‌టాప్‌లు జూన్, జులైలో చాలా వస్తాయి. స్క్రీన్ మీద స్కూల్ లోగో చూడగానే వెనక్కి పంపేస్తా. కొందరు పైపైన ఏదో చేసి కస్టమర్ ముందు ఆన్ చేసి చూపించి పైసలు తీసుకుంటారు. ఇంటికి పోయాక స్కూల్ యాప్‌లు తెరుచుకోవు, పరీక్ష రాసే బ్రౌజర్ రాదు, క్లాసులో పిల్లని నిలబెడతారు. అప్పుడు తండ్రి మా షాపుకొచ్చి మా మీద అరుస్తాడు. అన్నా, పైసలు దండగ.

ఓఎల్ఎక్స్‌లో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ఒకసారి రీసెట్ కొట్టించి, నెట్ కలిపి, మొదటి పేజీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. ఏ కంపెనీ పేరో, స్కూల్ పేరో వస్తే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

వేయిస్తంభాల వీధి:
సరే, కొట్టించొద్దు. కానీ నాకొకటి చెప్పండి, పదకొండో తరగతి పిల్ల ఇంట్లో ప్రింటవుట్ తీసుకుంటే స్కూల్‌కి వచ్చిన నష్టమేంటి?

కాజీపేట సిస్టమ్స్:
ప్రింటర్ విషయంలో స్కూల్ ప్రత్యేకంగా చేసిందేమీ ఉండకపోవచ్చు. 2021లో విండోస్ ప్రింటింగ్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అని పెద్ద లోపం బయటపడింది. దాని తర్వాత ఆ ఏడాది ఆగస్టు అప్‌డేట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ హక్కు తప్పనిసరి అయింది. పాప ఖాతాకి ఆ హక్కు లేదు, అందుకే పాస్‌వర్డ్ అడుగుతోంది. వైఫై ప్రింటర్ అయితే ఒక్కోసారి కంపెనీ డ్రైవర్ లేకుండానే విండోస్‌లో ఉన్న దాంతో కలుస్తుంది, ప్రయత్నించండి. లేదంటే పీడీఎఫ్ చేసి ఫోన్‌కి పంపుకుని ఫోన్ నుంచి కొట్టండి.

పన్నెండు సీ సెక్షన్:
అంకుల్, నేను స్టూడెంట్‌ని, మాది కూడా ఇలాంటి ల్యాప్‌టాపే. పైథాన్ కోసం టెన్షన్ పడకండి. ముందు గూగుల్ కోలాబ్ ఓపెన్ అవుతుందేమో చూడండి, బ్రౌజర్‌లోనే రన్ అవుతుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.  పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ఉన్న లూప్‌లు, లిస్టులు, డిక్షనరీలు అన్నీ కోలాబ్‌లో చేసుకోవచ్చు.

పన్నెండుకి వచ్చాకే అసలు తలనొప్పి. పైథాన్‌ని మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో కలపాలి, మైఎస్‌క్యూఎల్ సర్వర్ వేయాలంటే అడ్మిన్ కావాలి. మేమైతే ఇంట్లో ప్రాక్టీస్‌కి పైథాన్‌తో పాటే వచ్చే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడుకున్నాం. క్వెరీలు చాలావరకు అవే. కనెక్ట్ చేసే లైన్ వేరు, ఇంకా విలువలు పంపే చోట మైఎస్‌క్యూఎల్ కనెక్టర్‌లో పర్సెంట్ ఎస్ రాస్తే ఎస్‌క్యూలైట్‌లో ప్రశ్నార్థకం గుర్తు పెట్టాలి. అది మర్చిపోయి పరీక్షలో ప్రశ్నార్థకం పెట్టొస్తే మార్కులు పోతాయి, పాపకి చెప్పండి :)

స్కూల్ ఫిల్టర్‌ని దాటడానికి వీపీఎన్ జోలికి మాత్రం పోవద్దు. మా క్లాసులో ఉచితంగా వచ్చే ఎక్స్‌టెన్షన్ వేసుకున్నవాళ్లని మర్నాడే పిలిచారు. పిలవకపోయినా, మనం చూసేదంతా ముక్కూ మొహం తెలియని వాడి సర్వర్ మీదుగా పోతుంది కదా.

జగిత్యాల టీచర్:
నేను ఇంకో వైపు నుంచి చెప్తా, తిట్టుకోకండి. మేం మొదటి ఏడాది ఏ తాళం లేకుండానే పిల్లలని తెచ్చుకోమన్నాం. దసరా సెలవులకల్లా సగం మిషన్లలో క్రాక్ చేసిన గేములు, వాటితో పాటే వచ్చిన వైరస్‌లు. యూనిట్ టెస్ట్ రోజు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ కొందరికి తెరుచుకోలేదు, పీరియడ్ మొత్తం దానికే పోయింది. తల్లిదండ్రులే వచ్చి "మీరే ఏదో ఒకటి పెట్టండి మేడం" అన్నారు.

కానీ కార్ల గేమ్ వచ్చి ఫిజిక్స్ పాఠం రాకపోవడం చేతగాని పని, దాన్ని నేను సమర్థించను. ఎందుకలా అవుతుందో చెప్తా. ఫిల్టర్‌ని స్కూల్ వాళ్లు కూర్చుని సైట్ సైట్‌కీ రాయరు. ఒక కంపెనీ నుంచి కొంటారు, అది సైట్లని రకాలుగా విడగొట్టి పెడుతుంది, మనం వీడియోలు వద్దు, గేములు వద్దు అని టిక్కులు పెడతాం. యూట్యూబ్ మొత్తం వీడియోల కిందకి పోతుంది. నిన్న మొన్న పుట్టిన గేమ్ సైట్ ఇంకా ఏ రకంలోకీ చేరి ఉండదు, దర్జాగా దాటేస్తుంది. గూగుల్ ఖాతాలు వాడే స్కూళ్లలో యూట్యూబ్‌ని పూర్తిగా మూయకుండా పరిమిత మోడ్‌లో ఉంచి, టీచర్లు ఓకే చేసిన వీడియోలు మాత్రం వచ్చేలా పెట్టొచ్చు. ఎవరో ఒకరు కూర్చుని చేయాలి, అంతే. మా దగ్గర ఆ ఒకరు నేనే అయ్యాను, జీతం మాత్రం పాతదే.

మీరు ఆ కార్ల సైట్ అడ్రస్, రాని పాఠం లింక్ రెండూ రాసి పంపండి. "అన్నీ బ్లాక్ అవుతున్నాయి" అంటే ఎవరూ కదలరు.

గోదావరిఖని అమ్మ:
నా బాధ రివర్స్. మా వాడు తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్నకి సింగరేణిలో షిఫ్టులు, నైట్ షిఫ్ట్ ఉన్న వారం వీడు రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందే. అడిగితే హోంవర్క్ అంటాడు. ఫోన్‌లో లాగా నేను టైం పెడదామంటే ఈ ల్యాప్‌టాప్ నా మాటే వినట్లేదు. స్కూల్ తాళం స్కూల్‌కే పనికొస్తుంది, తల్లికి ఏ హక్కూ లేదా?

కాజీపేట సిస్టమ్స్:
మేడం, మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ సొంత ఖాతాలకే పనిచేస్తుంది, స్కూల్ ఖాతాని అందులో కలపనివ్వదు. కాబట్టి ల్యాప్‌టాప్‌ని వదిలేసి వైఫై రూటర్ దగ్గర పట్టుకోండి. చాలా రూటర్లలో ఫలానా పరికరానికి రాత్రి ఫలానా టైం తర్వాత నెట్ వద్దు అని పెట్టే వీలుంటుంది. అశ్లీల సైట్లు రాకూడదంటే రూటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుని బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) చోట 1.1.1.3 పెట్టండి, అది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020 నుంచి కుటుంబాల కోసం ఉచితంగా ఇస్తున్నది. కొన్ని కంపెనీల రూటర్లలో డీఎన్ఎస్ మార్చనివ్వరు, అప్పుడు కష్టమే. వాడు మీ ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ తెలుసుకున్నాడంటే ఇవేవీ పనిచేయవు, అది కూడా మార్చండి.

గోదావరిఖని అమ్మ:
హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ పెట్టిచ్చింది వాడే అన్నా.

ఏటూరునాగారం:
మేం ఉండేది ఊళ్లో, వైఫై లేదు, ఫోన్ నెట్ మీదే అంతా. పిల్ల సెలవులకి హాస్టల్ నుంచి ల్యాప్‌టాప్ తెస్తే చాలు, రోజుకిచ్చే ఒకటిన్నర జీబీ పొద్దున్నే అప్‌డేట్లకే ఊడ్చుకుపోతుంది. స్కూల్ వాళ్లు పెట్టినవి కాబట్టి ఆపలేం అంటున్నారు. నిజమేనా?

కాజీపేట సిస్టమ్స్:
పూర్తిగా ఆపలేరు, తగ్గించుకోవచ్చు. హాట్‌స్పాట్‌కి కలిపాక సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కితే "మీటర్డ్ కనెక్షన్" అని స్విచ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగి, హాస్టల్ వైఫైకి వెళ్లాక దిగుతాయి. దీనికి అడ్మిన్ అక్కర్లేదు. వన్‌డ్రైవ్‌ని కూడా పాజ్‌లో పెట్టమనండి, ఫోటోలన్నీ పైకి ఎక్కించేది అదే.

నక్కలగుట్ట నాన్న:
అందరికీ థాంక్స్. ఫార్మాట్ ఆలోచన మానేశా. కోలాబ్ ఓపెన్ అయింది, పాప ఖుషీ. తెలుగు కీబోర్డ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పన్నెండు సీ సెక్షన్:
సారీ అంకుల్. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్‌లో తెలుగు యాడ్ చేయండి. ఆ మెనూనే స్కూల్ మూసేసి ఉంటే తప్ప అడ్మిన్ అడగదు. తర్వాత తెలుగు పక్కన మూడు చుక్కలు నొక్కి కీబోర్డ్‌లలో "తెలుగు ఫొనెటిక్" కలపండి, లేకపోతే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది, అది అలవాటు లేనివాళ్లకి నరకం. ఫొనెటిక్ అయితే అమ్మ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది. విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

వేయిస్తంభాల వీధి:
ఇంతకీ ఎవరూ అడగని ప్రశ్న. స్కూల్‌కి అన్ని హక్కులూ ఉంటే కెమెరా కూడా వాళ్ల చేతిలోనే కదా? ఆడపిల్ల గదిలో ఉండే ల్యాప్‌టాప్ అది.

భూపాలపల్లి వకీలు:
అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో పెన్సిల్వేనియాలో లోయర్ మెరియన్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ మీద 2010లో కేసు పడింది. పిల్లలకిచ్చిన ల్యాప్‌టాప్‌లు పోతే కనిపెట్టడానికని పెట్టిన సాఫ్ట్‌వేర్‌తో, పిల్లలు ఇంట్లో ఉండగా వెబ్‌క్యామ్ నుంచి ఫోటోలు తీశారు, వాళ్లకి చెప్పకుండా. చివరికి 6,10,000 డాలర్లు ఇచ్చి రాజీ పడ్డారు. కాబట్టి భయం ఊహ కాదు. అలాగని మీ స్కూల్ అదే చేస్తోందని కూడా కాదు. ఏ సాఫ్ట్‌వేర్ వేశారు, అది ఏం చూస్తుంది అని లిఖితంగా అడగండి.

మన దగ్గర డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్లు నిండని వాళ్లందరూ దాని ప్రకారం పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, వాళ్ల కదలికల మీద నిఘా పెట్టకూడదు అని సెక్షన్ 9 చెప్తుంది. కానీ 2025 నవంబర్‌లో నోటిఫై చేసిన నియమాల్లో విద్యాసంస్థలకి మినహాయింపు ఉంది: చదువుకి సంబంధించిన పనుల కోసం, పిల్లల భద్రత కోసం అయితే గమనించవచ్చు. పైగా ఈ ప్రధాన నిబంధనలు అమల్లోకి వచ్చేది నోటిఫై అయిన 18 నెలలకి. కాబట్టి రేపే కోర్టుకి పోదాం అనుకోకండి. "చదువు కోసం, భద్రత కోసం" అనే మాట మాత్రం పట్టుకోండి. రాత్రి పది గంటలకి ఇంట్లో ఉన్న పిల్ల స్క్రీన్ చూడటం ఏ చదువు కోసమో వాళ్లే చెప్పాలి.

ఈలోగా కెమెరా మీద చిన్న కాగితం ముక్క అంటించండి. దానికి ఏ సెక్షనూ అక్కర్లేదు.

కాజీపేట సిస్టమ్స్:
వకీలు గారికి ఒక సవరణ. ఇన్‌ట్యూన్ ఒక్కటే ఉంటే దాంతో కెమెరా, ఫైళ్ల లోపలి విషయం, బ్రౌజింగ్ చరిత్ర చూడలేం. ఏ యాప్‌లు ఉన్నాయో, మిషన్ వివరాలేంటో కనిపిస్తాయి. క్లాసులో టీచర్‌కి పిల్లల స్క్రీన్‌లు చూపించే సాఫ్ట్‌వేర్ వేరేగా ఉంటుంది. మీరు అడగాల్సింది దాని గురించి: స్కూల్ టైం అయ్యాక అది ఆగుతుందా లేదా.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఎవరూ పట్టించుకోనిది, పిల్ల స్కూల్ వదిలే రోజు. టీసీ తీసుకుని వచ్చేస్తారు, ఖాతా తీసేస్తారు. మైక్రోసాఫ్ట్‌లో మామూలుగా తీసేసిన ఖాతా వన్‌డ్రైవ్ ఫైళ్లు 30 రోజులుంటాయి, గూగుల్ ఖాతాని అయితే 20 రోజుల్లోపే వెనక్కి తేగలరు. ఆ తర్వాత రెండేళ్ల నోట్సు గోవిందా. ల్యాప్‌టాప్ మాత్రం స్కూల్ పేరు మీదే నమోదై ఉంటుంది, ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్‌కి తీసుకెళ్లి రీసెట్ కొడితే అప్పుడు బయటపడుతుంది. బిల్లు మీ పేరు మీద ఉంది కాబట్టి ఇప్పుడే, మంచిగా ఉన్నప్పుడే, రాయించుకోండి.

నక్కలగుట్ట నాన్న:
పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లొచ్చా. ఫోన్‌లో "పాలసీ సర్" అన్నతనే కాగితం మీద రాసి, రిసీవ్డ్ ముద్ర అడిగేసరికి ఐటీ ఇన్‌చార్జ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మంచివాడే, ఒక్కడే మొత్తం స్కూల్‌కి. పైథాన్‌ని అందరికీ వాళ్లే పంపిస్తామన్నారు, మైఎస్‌క్యూఎల్ వచ్చే ఏడాది. కార్ల సైట్ నా ముందే మూశాడు. ఫిజిక్స్ ఛానల్ తెరవడానికి ప్రిన్సిపాల్ సంతకం కావాలట, పెండింగ్. ప్రింటర్‌కి ఒప్పుకోలేదు. స్క్రీన్ చూసే సాఫ్ట్‌వేర్ స్కూల్ వైఫైలో ఉంటేనే పనిచేస్తుందని చెప్పారు, అది కాగితం మీద ఇంకా రాలేదు, వదలను.

గోదావరిఖని అమ్మ:
ఆ కాగితంలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి అన్నా, మాకూ పనికొస్తుంది.

నక్కలగుట్ట నాన్న:
పేర్లు తీసేసి పెడుతున్నా.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మా కుమార్తె పదకొండో తరగతి చదువుతున్నది. తమరి సూచన మేరకు కొన్న ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్, బిల్లు నకలు జతపరిచాను. బిల్లు ప్రకారం దాని యజమాని నేను. ఈ క్రింది వాటికి లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. సిలబస్‌కు అవసరమైన పైథాన్, మైఎస్‌క్యూఎల్ ఎప్పటిలోగా ఇన్‌స్టాల్ చేస్తారు? ల్యాప్‌టాప్‌లో పెట్టిన పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఏది, అది స్కూల్ వేళల తర్వాత, ఇంటి వద్ద పనిచేస్తుందా? బిట్‌లాకర్ రికవరీ కీ మాకు ఎలా ఇస్తారు? మా అమ్మాయి స్కూల్ విడిచిన రోజున ఆటోపైలట్, ఇన్‌ట్యూన్ నమోదుల నుంచి ఈ సీరియల్ నంబర్‌ను తొలగిస్తారా, ఖాతా మూసే ముందు ఫైళ్లు కాపీ చేసుకోవడానికి ఎంత గడువు ఇస్తారు? జతపరిచినవి: బిల్లు నకలు, పాలసీ పేజీల ఫోటోలు, తెరుచుకోని లింకుల జాబితా."

జగిత్యాల టీచర్:
బాగా రాశారు. ఇలా రాస్తే మా మేనేజ్‌మెంట్ కూడా కదులుతుంది. ఐటీ ఇన్‌చార్జ్‌కి కూడా ఒక కాపీ ఇవ్వండి, ఆయన పైవాళ్లని అడగడానికి ఆయనకీ ఒక కాగితం కావాలి.

గోదావరిఖని అమ్మ:
కుమార్తె అన్న చోట కుమారుడు అని మార్చి రేపే ఇస్తున్నా. మైఎస్‌క్యూఎల్ తీసేసి రాత్రి పది తర్వాత నెట్ ఆపగలరా అని కూడా కలిపా. మా వాడికి చెప్పకండి.